కౌలు రైతు (గోదావరి జిల్లాలు)

సొంత భూమి లేక, లేదా ఉన్న చెక్క చాలక, ఇతరుల పొలాన్ని డబ్బుకో ధాన్యానికో మాట్లాడుకుని సాగుచేసే రైతును కౌలు రైతు, కౌలుదారు అంటారు. ఆంధ్రప్రదేశ్ సేద్యంలో కౌలుదారుల వాటా చాలా పెద్దది. 2018-19 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశం మొత్తం మీద కౌలుకు సాగయ్యే కమతాలు 17.3 శాతం కాగా ఆంధ్రప్రదేశ్‌లో అవి 42.4 శాతం. రాష్ట్రాలన్నిటిలోకీ ఇదే ఎక్కువ. నీటి వసతి వల్ల భూమి విలువ పెరిగిపోయిన గోదావరి జిల్లాల్లో కూలి కుటుంబం ఎకరం కొనగలగడం అరుదు. అందుకే కూలికి వెళ్లే మనిషి తన పేరున సేద్యం నడిపే మనిషిగా మారడానికి ఇక్కడ మొదటి మెట్టు కౌలు. ఆ మెట్టు ఎక్కినవారు అక్కడే ఆగిపోకుండా చూడడానికి డెబ్బై ఏళ్లుగా చట్టాలు, పథకాలు వస్తూనే ఉన్నాయి.

కోరుకొండ, పరిసరాలు

ఈ జిల్లాల కౌలు తీరును నేల మీద చూడడానికి కోరుకొండ ఒక ఉదాహరణ. అది తూర్పు గోదావరి జిల్లాలో మండల కేంద్రం. రాజమహేంద్రవరానికి ఉత్తరాన సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, గోకవరం మీదుగా రంపచోడవరం మన్యానికి వెళ్లే దారిలో ఉంది. కొండ మీది లక్ష్మీనరసింహస్వామి ఆలయం వల్ల ఊరికి పేరు వచ్చింది.

గోదావరి జిల్లా అనగానే కాలవలు, కొబ్బరి చెట్లు కళ్ల ముందు మెదులుతాయి. కానీ కోరుకొండ డెల్టా కాదు, మెట్ట. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కాలవలు దిగువకు పారాయి గాని ఎగువనున్న ఈ నేలకు రాలేదు. చెరువులు, బోర్లు, ఆ తర్వాత తొర్రిగడ్డ, పుష్కర ఎత్తిపోతల పథకాలు ఇక్కడి సాగుకు ఆధారమయ్యాయి. ఈ తేడా కౌలులోనూ కనిపిస్తుంది. డెల్టాలో కౌలుదారు ప్రధానంగా వరి వేస్తాడు, ఖరీఫ్‌లో సార్వా, ఆ తర్వాత రబీలో దాళ్వా. మెట్టలో వరితో పాటు మొక్కజొన్న, అపరాలు, కూరగాయలు వేయవచ్చు గాని మోటారు పనిచేయకపోతే, బోరు ఎండితే పంట పోతుంది. ఉత్తరాన షెడ్యూల్డ్ ప్రాంతం మొదలయ్యే చోట నియమాలే మారిపోతాయి. అక్కడ 1/70 చట్టం కింద గిరిజనేతరులకు భూమి బదిలీ చేయడం, కౌలుకివ్వడం చెల్లవు.

ఒప్పందాల తీరు

కౌలు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది మక్తా. పంట ఎలా ఉన్నా ఎకరానికి ఇన్ని బస్తాలు, లేదా ఇంత సొమ్ము అని ముందే తేల్చుకుంటారు. గోదావరి లెక్కలో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. రెండోది కోరు, అంటే పాలు. పండినదాన్ని కళ్లంలోనే అనుకున్న వంతున పంచుకుంటారు. పాలు పద్ధతిలో పంట పోతే నష్టాన్ని ఇద్దరూ మోస్తారు. మక్తాలో మొత్తం కౌలుదారుదే. కూరగాయలకు, అరటికి, లంక భూములకు ముందే నగదు కట్టే పద్ధతీ ఉంది.

ఒప్పందం చాలావరకు నోటి మాటే. ఉగాది వెళ్లాక, తొలకరికి ముందు మాట్లాడుకుంటారు. మధ్యవర్తిగా ఊళ్లో పెద్దమనిషి ఉంటాడు. ఒకే పొలాన్ని పదిహేనేళ్లు దున్నిన కుటుంబానికీ ఆ సంగతి చెప్పే కాగితం ఉండదు. భూమి యజమాని చాలాసార్లు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటాడు. కొన్ని ఊళ్లలో ఆయన కూడా చిన్న రైతే, పెద్దవయసు వల్లో పిల్లల చదువుల వల్లో సేద్యం మానుకున్నవాడు. కౌలు ధాన్యమే అటువంటివారికి పింఛను.

పెట్టుబడి, మిగులు

లెక్క ఎలా నడుస్తుందో ఒక ఊహా ఉదాహరణతో చూడవచ్చు. ఎకరం సార్వాలో 30 బస్తాలు పండాయి, మక్తా 18 బస్తాలు అనుకుందాం. మిగిలిన 12 బస్తాల ధర నుంచే దమ్ము, నారు, నాట్లు, ఎరువులు, మందులు, కోత ఖర్చులు తీరాలి. ఆ పంటలో కౌలుదారుకు మిగిలేది గడ్డి, తన ఇంటివాళ్ల కూలి. దాళ్వాకు నీళ్లొచ్చి, ఆ పంటకు మక్తా తక్కువగా ఉంటేనే నాలుగు రూపాయలు కళ్లజూస్తాడు. కాలవ నీటి షెడ్యూలు, ఒక తుపాను, కోత సమయంలో మూడు రోజుల వాన ఆ కుటుంబం ఏడాదిని తలకిందులు చేస్తాయి.

అప్పు దొరికే చోటును బట్టి అమ్మే చోటు కూడా తేలిపోతుంది. బ్యాంకు తలుపు తెరుచుకోకపోతే ఎరువుల కొట్టు, ధాన్యం కమీషన్ వ్యాపారి పెట్టుబడి పెడతారు. అరువిచ్చినవాడికే పంట తోలాలి. తేమ ఎంత, ధర ఎంత అన్నది అతడే చెబుతాడు. మద్దతు ధర కాగితం మీద ఉన్నా, అప్పు కింద పోయే ధాన్యానికి అది అందడం కష్టం.

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. ఖర్చులు పెరగడం, గిట్టుబాటు లేకపోవడం, మురుగు కాలవలు పూడిపోయి పొలాలు మునగడం వారు చెప్పిన కారణాలు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసి విచారణ జరిపించింది. సొంత భూమి ఉన్నవారు ఒక పంట వదిలినా మరుసటి ఏటికి భూమి మిగులుతుంది. కౌలుదారుకు పంట ఒక్కటే ఆస్తి, అది లేని ఏడాది అతడు మళ్లీ కూలీ.

చట్టాలు

ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం 1956లో వచ్చింది. కౌలు మీద గరిష్ఠ పరిమితి, ఆరేళ్ల కనీస కాలం, రాతపూర్వక ఒప్పందం అందులోని ముఖ్యాంశాలు. యజమాని భూమి అమ్మదలిస్తే ముందుగా కౌలుదారుకే కొనే అవకాశం ఇవ్వాలన్న నియమం 1974 సవరణతో చేరింది. ఉద్దేశం మంచిది. ఫలితం మాత్రం మరోలా వచ్చింది. కాగితం రాస్తే భూమి చేజారుతుందన్న భయంతో యజమానులు రాయడమే మానేశారు. ఏటేటా కౌలుదారును మార్చడం, ఒకే మనిషికి వేర్వేరు చెక్కలు తిప్పి ఇవ్వడం అలవాటయ్యాయి. రక్షణ కోసం తెచ్చిన చట్టం కౌలును చీకట్లోకి నెట్టింది.

2000ల మొదట్లో రైతు ఆత్మహత్యలు పెరిగాక ఆలోచన మారింది. జయతీ ఘోష్ అధ్యక్షతన 2004లో ఏర్పడిన రైతు సంక్షేమ కమిషన్, 2006లో కోనేరు రంగారావు అధ్యక్షతన పనిచేసిన భూ కమిటీ కౌలుదారుల గుర్తింపును ముందుకు తెచ్చాయి. 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. భూమి హక్కు జోలికి పోకుండా, సాగుచేసేవారికి ఏడాది చెల్లే రుణ అర్హత కార్డు ఇవ్వడం దాని సారం. హక్కునూ సాగునూ విడదీయడం వల్ల యజమాని భయం తగ్గుతుందని ఆశించారు.

దాని స్థానంలో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం అమలుకొచ్చింది. దీని కింద ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం 11 నెలలు చెల్లుతుంది. పత్రం కావాలంటే యజమాని సంతకం తప్పనిసరి. చట్టానికి అసలు పరీక్ష ఈ సంతకం దగ్గరే ఎదురవుతుంది. పత్రంతో భూమికి ఏ ప్రమాదమూ లేదని చట్టమే చెబుతున్నా, అడిగితే వచ్చే ఏడు పొలం ఇవ్వరేమోనని కౌలుదారు నోరు మెదపడు. తాను ఇప్పటికే ఆ భూమి మీద రుణం తీసుకుని ఉంటే యజమానీ ఒప్పుకోడు.

పత్రం నుంచి బ్యాంకు దాకా

కిసాన్ క్రెడిట్ కార్డు నియమాల్లో కౌలుదారులు, నోటి ఒప్పందం మీద సాగుచేసేవారు, పాలుకు చేసేవారు అందరూ అర్హులే. తాకట్టు లేని పంట రుణాల పరిమితిని రిజర్వు బ్యాంకు 2019లో 1.6 లక్షల రూపాయలకు, 2025 జనవరి నుంచి 2 లక్షలకు పెంచింది. నియమం ఇంత ఉదారంగా ఉన్నా బ్యాంకు కౌంటరు దగ్గర మొదట అడిగేది పట్టాదారు పాస్‌పుస్తకమే. అదే సర్వే నంబరు మీద యజమాని పేరున రుణం ఉంటే, అదే పంటకు రెండో రుణం ఇవ్వడానికి బ్యాంకు వెనుకాడుతుంది. ఆ రుణం మీది తక్కువ వడ్డీ యజమానికి, పొలంలోని కష్టనష్టాలు కౌలుదారుకి దక్కుతాయి.

పథకాలదీ ఇదే దారి. 2019లో మొదలైన పీఎం కిసాన్ భూమి ఉన్న కుటుంబాలకే ఏడాదికి 6,000 రూపాయలు ఇస్తుంది. అదే ఏడు రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన రైతు భరోసాలో భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులను చేర్చి 13,500 రూపాయలు ప్రకటించారు. ఈ-పంట నమోదులో సాగుదారు పేరు పడితేనే పంట నష్టం సాయం, బీమా, ధాన్యం కొనుగోలు అతడి దాకా వస్తాయి. కాబట్టి కౌలుదారు జీవితంలో ఆ ఒక్క నమోదుకు పంటంత విలువ ఉంది.

బృందాలు, మహిళలు

కాగితం లేనివారికి ఒకరికొకరు పూచీగా నిలిచే మార్గం ఉమ్మడి బాధ్యత బృందం. 2004-05లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన ఈ పద్ధతిని నాబార్డు తర్వాత దేశమంతటికీ విస్తరించింది. నలుగురి నుంచి పదిమంది దాకా కౌలుదారులు కలిసి బృందమై, పరస్పర హామీతో బ్యాంకు రుణం తీసుకుంటారు. ఊళ్లో ఒకరినొకరు ఎరిగినవారే కావడం దీని బలం. ఒక తుపానుకు అందరి పంటా ఒకేసారి పోతే అందరూ ఒకేసారి బాకీ పడడం దీని బలహీనత.

మహిళలకు డ్వాక్రా సంఘాలు ఈ పనిని అంతకుముందు నుంచే చేస్తున్నాయి. సంఘం నుంచి ఇంటికొచ్చిన అప్పు చాలాచోట్ల కౌలు పొలానికి పెట్టుబడి అవుతుంది. నాట్లు, కలుపు, పశువుల పని ఇంటి ఆడమనిషిదే అయినా సాగుదారు పత్రం మాత్రం భర్త పేరున ఉంటుంది. భర్త చనిపోయినప్పుడు బాకీ ఆమెకు వస్తుంది, రైతు అన్న గుర్తింపు మాత్రం రాదు. సాగుదారు పత్రంలో భార్యాభర్తలిద్దరి పేర్లూ రాయడం ఖర్చు లేని న్యాయం.

వలస వెళ్లి యజమానులైనవారు

గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి కొత్త ఆయకట్టులకు తరలిపోయి భూమి సంపాదించిన కుటుంబాల చరిత్ర కౌలు కథకు రెండో పార్శ్వం. 1931లో పూర్తయిన నిజాంసాగర్ కింద బోధన్, వర్ని, బాన్సువాడ ప్రాంతాలకు, 1953లో నీరు నిలిచిన తుంగభద్ర ఎడమ కాలవ కింద గంగావతి, సింధనూరు, మాన్వి ప్రాంతాలకు, 1957లో ప్రారంభమైన హీరాకుడ్ కింద ఒడిశాలోని బర్గఢ్‌కు కోస్తా రైతులు వెళ్లారు. డెల్టాలో ఎకరం అమ్మిన సొమ్ముకు అక్కడ ఎన్నో ఎకరాలు వచ్చేవి. వాళ్ల ఊళ్లకు నేటికీ క్యాంపులనే పేరు. వరి, ఆ వెంట రైస్ మిల్లులు, ఎరువుల దుకాణాలు వచ్చి గంగావతి, కారటగి, సింధనూరు బియ్యం పట్టణాలయ్యాయి.

ఈ విజయానికి రెండు షరతులున్నాయి. మొదటిది, అమ్ముకోవడానికి వెనక ఒక ఎకరం ఉండాలి. వాళ్ల వెంట కూలీలుగా వెళ్లినవారికి అది లేదు. రెండోది, నీరు. తుంగభద్ర ఎడమ కాలవను జొన్న, పత్తి వంటి ఆరుతడి పంటలకు తగ్గట్టు రూపొందించారు. ఎగువన వరి పెరిగేసరికి చివరి భూముల స్థానిక రైతులకు నీరందక గొడవలయ్యాయి. కొత్తగా వచ్చినవారికి చేసే సాయం అక్కడున్నవారి వాటాను తినకూడదన్న పాఠం ఇక్కడ ఉంది.

ఇతర ప్రాంతాల అనుభవం

కేరళ సవరించిన భూసంస్కరణల చట్టాన్ని 1970 జనవరి 1 నుంచి అమలుచేసి కౌలుదారులకు యాజమాన్య హక్కునే ఇచ్చింది. పశ్చిమ బెంగాల్ 1978లో మొదలుపెట్టిన ఆపరేషన్ బర్గాలో అధికారులు సాయంత్రాలు పల్లెల్లో శిబిరాలు పెట్టి, పాలుకు చేసేవారి పేర్లు అందరి ఎదుటా నమోదు చేశారు. అక్కడ సాగుదారు యజమాని గుమ్మం ముందు నిలబడవలసిన అవసరం రాలేదు.

అమెరికాలో పొలం పనుల భారం ఎక్కువగా మెక్సికో, మధ్య అమెరికాల నుంచి వచ్చిన కుటుంబాలదే. కాలిఫోర్నియాలోని సలీనాస్ లోయలో 2001 నుంచి పనిచేస్తున్న ఆల్బా సంస్థ అటువంటి కూలీలకు సేంద్రియ సాగు, లెక్కలు రాయడం, అమ్మకం నేర్పుతుంది. తర్వాత తన పొలంలోనే చిన్న చెక్కను రాయితీ కౌలుకిచ్చి, కొన్నేళ్లలో క్రమంగా కౌలు పెంచుతూ సొంతంగా నిలబడేదాకా తోడుంటుంది. సంస్థే యజమాని కావడంతో ఏటా పొలం పోతుందన్న భయం ఆ కౌలుదారుకు లేదు.

నిలదొక్కుకోవడానికి కావలసినవి

సేద్యం తెలిసిన కుటుంబం సేద్యపు యజమాని కావడానికి కొరవడేది నేర్పు కాదు, కాలం. పామాయిల్ కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. 11 నెలల పత్రంతో ఆ మొక్క ఎవరూ నాటరు. జీలుగ, జనుము చల్లి నేలను బాగుచేసుకున్నవాడు మరుసటి ఏడు ఆ పొలంలో ఉంటాడన్న నమ్మకం లేకపోతే బాగుచేయడు. బోరు వేయడు, బిందు సేద్యం పెట్టడు. ఒక్కో పంటకే పరిమితమైన కౌలు మనిషిని ఒక్కో అప్పుకే కట్టేస్తుంది.

టి. హక్ నాయకత్వంలోని కమిటీతో నీతి ఆయోగ్ 2016లో తయారుచేయించిన నమూనా కౌలు చట్టం యజమాని హక్కుకు పూర్తి భద్రత ఇస్తూనే, ఇద్దరూ ఒప్పుకున్న కాలానికి కౌలును చట్టబద్ధం చేయాలంటుంది. దానికి తోడు గ్రామసభలో, యజమాని సంతకంతో ముడిపెట్టకుండా సాగుదారు పేరు నమోదు కావాలి. కోరుకొండ మెట్టలో ఎత్తిపోతల నీరు వచ్చిన పొలం ఎవరిదో ఇప్పటికే దస్త్రాల్లో ఉంది. ఆ పొలాన్ని ఈ తొలకరికి దున్నినవారి పేరు కూడా ఆ పక్కన రాస్తే, తర్వాతి మెట్లు ఎక్కడం ఆ కుటుంబానికి చేతనవుతుంది.