ప్రసూతి సెలవు, జబ్బు సెలవు: జీతం ఎవరిస్తారు, హక్కు ఎవరికి ఉంది?

హోసూరు ఫ్యాక్టరీలోనైనా, బెంగళూరు గార్మెంట్స్‌లోనైనా, షోలాపూర్ టవల్ కార్ఖానాలోనైనా, బరంపురం బట్టల కొట్టులోనైనా గర్భవతి అని తెలియగానే మన ఆడపిల్లలు చాలామంది వినే మాట ఒకటే: "ఇప్పటికి మానెయ్యమ్మా, తర్వాత చూద్దాం." ఆ మాట విని రాజీనామా రాసిస్తే ఆరు నెలల జీతం, ఉద్యోగం రెండూ పోతాయి. అందుకే సెలవుల చట్టం ఏం చెబుతుందో, దాని ఖర్చు ఎవరి మీద పడుతుందో ఒకచోట చేర్చి ఇస్తున్నాం. మన కుటుంబాల్లో కూలికి వెళ్లేవారూ ఉన్నారు, పదిమందికి పని ఇచ్చేవారూ ఉన్నారు. ఇది ఇద్దరికీ పనికొస్తుంది.

చట్టం ఎలా వచ్చింది

మన దేశంలో మొదటి ప్రసూతి చట్టం 1929లో బొంబాయి రాష్ట్రంలో వచ్చింది. ఆ బిల్లుపై 1928లో శాసనమండలిలో మాట్లాడిన డాక్టర్ అంబేడ్కర్ దాన్ని సమర్థిస్తూనే, ఈ భారంలో ఎక్కువ భాగం ప్రభుత్వం మోయాలన్నారు. మద్రాసు రాష్ట్రంలో 1934లో చట్టం చేశారు. దేశమంతటికీ వర్తించే చట్టం 1961లో వచ్చింది. అప్పుడు 12 వారాలుగా ఉన్న సెలవును 2017 సవరణ 26 వారాలు చేసింది. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి రావడంతో 1961 నాటి ప్రసూతి చట్టం, 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం అందులో కలిశాయి. 26 వారాల లెక్క మాత్రం మారలేదు.

ఎవరికి ఎంత సెలవు

ఫ్యాక్టరీలు, గనులు, తోటలు, పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే దుకాణాలు, సంస్థలు దీని కిందికి వస్తాయి. కాన్పుకు ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉండాలి. రోజుకూలీ వాళ్లకు కూడా ఈ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2000లో ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ కేసులో తీర్పు చెప్పింది.

• మొదటి ఇద్దరు పిల్లలకు: 26 వారాలు. అందులో కాన్పుకు ముందు 8 వారాల వరకు వాడుకోవచ్చు.
• అప్పటికే ఇద్దరు పిల్లలుంటే: 12 వారాలు.
• గర్భస్రావం జరిగితే: 6 వారాలు.
• ట్యూబెక్టమీ ఆపరేషన్‌కు: 2 వారాలు.
• గర్భం, కాన్పు వల్ల జబ్బు చేస్తే: అదనంగా ఒక నెల.

యజమాని ఉచితంగా వైద్యం చూపించకపోతే 3,500 రూపాయల మెడికల్ బోనస్ ఇవ్వాలి. తిరిగి పనిలోకి వచ్చాక బిడ్డకు 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు ఉంటాయి. 50 మంది ఉన్నచోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి. సెలవులో ఉండగా పనిలోంచి తీసేయడం గానీ, పని షరతులను ఆమెకు నష్టం కలిగేలా మార్చడం గానీ కుదరదు.

జబ్బు చేస్తే ఈఎస్‌ఐ

ప్రైవేటు ఉద్యోగికి జబ్బు సెలవులో డబ్బు వచ్చే ముఖ్యమైన దారి ఈఎస్‌ఐ. నెల జీతం 21,000 రూపాయల వరకు ఉన్నవారు దీని కిందికి వస్తారు. జీతంలో ఉద్యోగి 0.75 శాతం, యజమాని 3.25 శాతం కడతారు. జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల వరకు సగటు జీతంలో 70 శాతం వస్తుంది. ఇందుకు ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా పడి ఉండాలి. క్షయ, క్యాన్సర్ లాంటి దీర్ఘవ్యాధుల జాబితాలో ఉన్న జబ్బయితే 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు పొందే వీలుంది. దీనికి ఈఎస్‌ఐ డాక్టరు సర్టిఫికెట్ కావాలి.

అసలు చిక్కు ఎక్కడ

నెలకు 20,000 రూపాయల జీతం ఉన్న అమ్మాయికి యజమాని కట్టే ఈఎస్‌ఐ చందా 650 రూపాయలు, ఆమె వాటా 150. కాన్పు సెలవులో 26 వారాల జీతాన్ని ఈఎస్‌ఐ ఇస్తుంది. అదే జీతం 22,000 అయితే ఆమె ఈఎస్‌ఐ పరిధి దాటుతుంది. అప్పుడు ఆరు నెలల జీతం, అంటే సుమారు 1,32,000 రూపాయలు, యజమానే ఇవ్వాలి. ఆ కాలంలో ఆమె స్థానంలో పెట్టుకున్న మనిషి జీతం దీనికి అదనం.

పదిహేనుమందితో నడిచే కొట్టుకు ఇది చిన్న మొత్తం కాదు. కొత్తగా పెళ్లయిన అమ్మాయిని పనిలోకి తీసుకోవడానికి కొందరు వెనుకాడటానికి కారణం ఇదే. యజమానికి ఏడు వారాల జీతం తిరిగి ఇస్తామన్న ప్రతిపాదనను 2018లో కేంద్ర కార్మిక శాఖ ముందుకు తెచ్చినా అది ప్రతిపాదనగానే మిగిలింది. ఖర్చును అందరి చందాల నుంచి, ప్రభుత్వ నిధి నుంచి భరించాలనేది అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందాల సూత్రం. అంబేడ్కర్ 1928లో ఎత్తిచూపిన సమస్య ఇంకా తీరలేదు. అలాగని యజమానికి భారమైందన్న కారణంతో ఉద్యోగి హక్కు తగ్గదు. పదిమంది కంటే తక్కువ ఉన్న సంస్థలు కూడా యజమాని, ఎక్కువమంది ఉద్యోగులు ఒప్పుకుంటే స్వచ్ఛందంగా ఈఎస్‌ఐలో చేరే వీలు కొత్త కోడ్‌లో ఉంది. మన వ్యాపారులు దీన్ని ఆలోచించాలి.

రాష్ట్రాలవారీగా

తమిళనాడు ప్రభుత్వ ఉద్యోగినులకు 2021 జూలై నుంచి 12 నెలల ప్రసూతి సెలవు ఉంది. ఆ రాష్ట్ర ఉపాధ్యాయురాలి కేసులోనే సుప్రీంకోర్టు 2025 మేలో, ప్రసూతి సెలవు స్త్రీ సంతాన హక్కుల్లో భాగమని చెప్పింది. కర్ణాటక 2025లో నెలసరికి నెలకు ఒకటి చొప్పున ఏడాదికి 12 రోజుల సెలవును ప్రైవేటు రంగానికీ వర్తించేలా ఆమోదించింది. ఒడిశాలో సంఘటిత రంగం బయట ఉన్న తల్లులకు మమత పథకం 2011 నుంచి ఉంది. కేంద్ర మాతృ వందన పథకం కింద మొదటి కాన్పుకు 5,000 రూపాయలు, రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6,000 రూపాయలు ఇస్తారు. షోలాపూర్‌లో ఇంటి దగ్గరే బీడీలు చుట్టే మన పద్మశాలి స్త్రీల వంటి వారికి ప్రసూతి హక్కు 1966 నాటి బీడీ కార్మికుల చట్టంతో అందింది. వాళ్లు తమ పని పుస్తకాన్ని, గుర్తింపు కార్డును జాగ్రత్తగా దాచుకోవాలి. యానాంలో ఉంటూ కాకినాడలో పనిచేసేవారికి రాష్ట్ర నియమాల విషయంలో పనిచేసే చోటే లెక్క.

చట్టంలో లేనివి

ప్రైవేటు ఉద్యోగం చేసే తండ్రికి పితృత్వ సెలవు ఇవ్వాలన్న కేంద్ర చట్టం లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజులు ఉంది. మంచాన పడ్డ అత్తమామలనో, అమ్మానాన్నలనో చూసుకోవడానికి విడిగా సెలవు లేదు. ఉన్న ఆర్జిత సెలవులే వాడుకోవాలి. అమెరికాలో 1993 నాటి చట్టం తల్లిదండ్రుల జబ్బుకు కూడా 12 వారాలు ఉద్యోగాన్ని కాపాడుతుంది, కానీ ఆ వారాలకు జీతం ఇవ్వాలని చెప్పదు. ఇక్కడ జీతం ఉంది, పరిధి ఇరుకు. అక్కడ పరిధి పెద్దది, జీతం లేదు.

చేయాల్సిన పనులు

సెలవు అడిగే ఉత్తరం రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. జీతం చీటీలు, హాజరు వివరాలు, ఈఎస్‌ఐ నంబరు, స్కానింగ్ కాగితాలు ఒకేచోట ఉంచాలి. ఫారాలు కన్నడం, తమిళం, మరాఠీ, ఒడియాల్లో ఉంటే చదవగలిగిన పిల్లల చేత చదివించుకున్నాకే సంతకం పెట్టాలి. తీసేస్తే జిల్లా కార్మిక శాఖ అధికారికి ఫిర్యాదు చేయాలి. అన్నిటికంటే ముఖ్యం, ఎవరు చెప్పినా తొందరపడి రాజీనామా మీద సంతకం పెట్టకూడదు.