చావు తర్వాత గౌరవం: ఇచ్చిందెవరు, గెలుచుకుందెవరు?

చచ్చినవాడికి కులం లేదని వేదాంతులు చెబుతారు. ఊరి శ్మశానాలు చూస్తే ఆ మాటలో నిజమెంతో తెలిసిపోతుంది. అగ్రకులాలకు ఒక చోటు, మాల మాదిగలకు వాగు ఒడ్డునో డొంక పక్కనో ఇంకో చోటు. దొర ఇంట్లో చావు జరిగితే చుట్టాల ఊళ్ళకు కబురు మోసింది మనవాళ్ళే. శవం ముందు డప్పు కొట్టింది, గొయ్యి తవ్వింది, కట్టెలు మోసింది కూడా మనవాళ్ళే. ఇది కూలి కాదు, వెట్టి. మరణ సంస్కారాలంటే మంత్రాలూ పిండాలూ అనుకునే చరిత్ర రచన ఈ చాకిరీని లెక్కలోకి తీసుకోలేదు. అందుకే చావు తర్వాత దక్కే గౌరవాల చరిత్రను మేము ఈ చాకిరీ దగ్గర నుంచే మొదలుపెడుతున్నాం.

మహారాష్ట్రలో మహర్లదీ ఇదే పరిస్థితి. చావు కబురు మోయడం వాళ్ళ వంశపారంపర్య విధుల్లో ఒకటి. ఆ 'వతన్' బానిసత్వాన్ని మార్చాలని బాబాసాహెబ్ అంబేద్కర్ 1928లో బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టారు. అలాంటి మనిషి చనిపోయినప్పుడు ఏం జరిగిందన్నది మనకు ముఖ్యం.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఆయన బౌద్ధం స్వీకరించారు. రెండు నెలలు తిరక్కుండానే డిసెంబర్ 6న ఢిల్లీలో కన్నుమూశారు. మర్నాడు బొంబాయి దాదర్ సముద్రతీరంలో బౌద్ధ పద్ధతిలో దహనం చేశారు. లక్షల మంది తరలివచ్చారు. అక్కడికక్కడే భదంత ఆనంద్ కౌసల్యాయన్ చేతుల మీదుగా వేలాదిమంది దీక్ష తీసుకున్నారు. బ్రాహ్మణీయ కర్మకాండ పోయినవాడి పరలోకం కోసం చేసేది. దాదర్ ఒడ్డున జరిగిన కర్మ మాత్రం బతికున్నవాళ్ళను మార్చింది. ఆ చోటే నేటి చైత్యభూమి. ఏటా డిసెంబర్ 6న అక్కడికి పోయే జనం ఏ ప్రభుత్వ ఆహ్వానం కోసమూ ఎదురుచూడలేదు.

ప్రభుత్వం మాటేమిటి? భారతరత్న ఇచ్చింది 1990లో, అంటే 34 ఏళ్ళ తర్వాత. 'బుద్ధుడు-ఆయన ధమ్మం' ఆయన పోయాక 1957లో వెలువడింది. మిగిలిన రాతప్రతులెన్నో పెట్టెల్లోనే ఉండిపోయాయి. మహారాష్ట్ర ప్రభుత్వం సంపుటాలు వేయడం 1979లో మొదలైంది. 1987లో హిందూమత చిక్కుప్రశ్నల సంపుటం రాగానే రాముడు, కృష్ణుల మీద రాసిన భాగాన్ని తీసేయాలని శివసేన గొడవ చేసింది. దళితులు బొంబాయి వీధుల్లోకి వచ్చారు. చివరికి ఆ అభిప్రాయాలతో ప్రభుత్వానికి ఏకీభావం లేదన్న సూచనతో ఆ భాగం నిలిచింది. చనిపోయిన మనిషి రాసిన పుస్తకాన్ని కూడా జనం కాపలా కాయాల్సి వచ్చిందన్నమాట.

పేరు పెట్టడమూ అంతే. మరాఠ్వాడా విశ్వవిద్యాలయానికి అంబేద్కర్ పేరు పెట్టాలని 1978 జులైలో శాసనసభ తీర్మానించగానే అక్కడి పల్లెల్లో దళితుల ఇళ్ళు తగలబెట్టారు. ఆ పేరు చేరడానికి 1994 జనవరి 14 దాకా పట్టింది. మన దగ్గర 2022 మే 24న కోనసీమ జిల్లాకు ఆయన పేరు చేర్చొద్దంటూ అమలాపురంలో మంత్రి ఇంటికీ, శాసనసభ్యుడి ఇంటికీ నిప్పు పెట్టారు. బతికున్న దళితుడి అడుగే కాదు, చనిపోయిన దళితుడి పేరు కూడా ఊళ్ళోకి రాకూడదన్నదే ఈ మంట వెనకున్న మాట.

చుండూరు ఈ మాటకు జవాబు చెప్పింది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమంది దళితులను నరికి చంపారు. శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. కనీసం శవాలైనా మిగలకూడదన్నది చంపినవాళ్ళ కోరిక. దళితులు ఆ శవాలను వెలివాడ శ్మశానానికి తీసుకుపోలేదు. ఊరి నడిబొడ్డున పాతిపెట్టారు. ఆ నేలకు రక్తక్షేత్రమని పేరు పెట్టారు. ఊరి మధ్యన అడుగుపెట్టనివ్వని నేల మీద సమాధి కట్టడమంటే అది హక్కు ప్రకటన. ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు నిందితులందరినీ వదిలేసింది. తీర్పు కొట్టేయగలిగారు గానీ సమాధుల్ని కొట్టేయలేకపోయారు.

హైదరాబాద్‌లో 2023లో, విజయవాడలో 2024లో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహాలు లేచాయి. విగ్రహాలు వద్దని మేము అనడం లేదు. అయితే విగ్రహానికి దండ వేసే ప్రభుత్వాన్ని మాలపల్లె, మాదిగగూడెం శ్మశానానికి దారేదని అడగాలి. ఆ శ్మశానం ఏ సర్వే నంబరులో ఉందో, ఎంత ఆక్రమణకు గురైందో, అక్కడ ఎవరెవరు పడుకున్నారో రాసిపెట్టే పని మాత్రం ప్రభుత్వం చేయదు. అది విద్యార్థులు, ఉపాధ్యాయులు, కార్యకర్తలు చేయాల్సిన పని. పోయినవాళ్ళకు మనం చేయాల్సిన పెద్దకర్మ అదే.