సిస్టర్ అన్నారు, సైనికురాలు అనలేదు

మిత్రులారా, సైనిక్‌పురి వీధుల్లో నడిచినప్పుడు గేట్ల పక్కన పేరు పలకలు చూడండి. కర్నల్, బ్రిగేడియర్, వింగ్ కమాండర్... చివర రిటైర్డ్. సైన్యంలో పనిచేసి దిగిన వాళ్ల కోసం పుట్టిన కాలనీ అది. అక్కడికి కొద్ది దూరంలో, తిరుమలగిరిలో, మిలిటరీ హాస్పిటల్ ఉంది. ఆ హాస్పిటల్‌తో ముడిపడిన ఒక నర్సు కథతో ఈసారి మొదలుపెడతాను.

ఆమె పేరు సెలీనా జాన్. మిలిటరీ నర్సింగ్ సర్వీస్‌లో లెఫ్టినెంట్‌గా కమిషన్ వచ్చినప్పుడు ఆమె పోస్టింగ్ సికింద్రాబాద్ మిలిటరీ హాస్పిటల్‌లోనే. 1988లో ఒక ఆర్మీ ఆఫీసర్‌ని పెళ్లి చేసుకున్నారు. అదే ఏడాది ఆమె ఉద్యోగం తీసేశారు. చూపిన కారణాల్లో ఒకటి పెళ్లి! అదే పెళ్లి చేసుకున్న భర్తకు ఆ రూలు వర్తించదు. 1977 నాటి ఆ రూలును 1995లో ఎత్తేశారు. కానీ ఆమెకు న్యాయం దొరికింది 2024 ఫిబ్రవరి 14న. ఆ తొలగింపు చట్టవిరుద్ధమని, 60 లక్షల రూపాయలు చెల్లించాలని సుప్రీంకోర్టు చెప్పింది. 36 ఏళ్లు పట్టింది.

ఇది ఒక్క మనిషికి జరిగిన అన్యాయం అనుకుంటే చరిత్ర అర్థం కాదు. సైన్యం నర్సును ఎప్పుడు పిలిచిందో, ఎప్పుడు పక్కన పెట్టిందో చూడాలి.

1888 మార్చి 28న 10 మంది బ్రిటిష్ నర్సులు బొంబాయి రేవులో దిగారు. వాళ్లు వచ్చింది తెల్ల సైనికుల కోసం. 1914లో ప్రపంచయుద్ధం మీద పడ్డాకే ఇండియాలో నర్సులను చేర్చుకోవడం మొదలైంది. 1926 అక్టోబర్ 1న ఇండియన్ మిలిటరీ నర్సింగ్ సర్వీస్ శాశ్వతంగా ఏర్పడింది. నర్సులకు ఆఫీసర్ హోదా ఇచ్చిన ఆర్డినెన్స్ 1943లో వచ్చింది. ఆ ఏడాది సంగతి గుర్తుందా? జపాన్ సైన్యం బర్మాలో కూర్చుని ఉంది.

యుద్ధం అనగానే మనకు తుపాకీ గుర్తొస్తుంది. కానీ బర్మా ఫ్రంట్‌లో 1943లో గాయంతో వెనక్కి వచ్చిన ఒక్కో సైనికుడికి జబ్బుతో వచ్చినవాళ్లు 120 మంది. ఈ లెక్క చెప్పింది అక్కడి సేనాధిపతి జనరల్ స్లిమ్. మలేరియా, విరేచనాలు, టైఫస్. అంటే ఆ యుద్ధంలో పెద్ద పోరాటం వార్డులో జరిగింది. రాత్రంతా జ్వరం చూడటం, వాంతులు తుడవటం, పుండు కడగటం, చనిపోయిన కుర్రాడి కళ్లు మూయటం. దీనికి పతకాలు తక్కువ.

అంత అవసరం ఉన్నప్పుడు దేశంలో నర్సులు ఎంతమంది? 1946 నాటి భోర్ కమిటీ లెక్క ప్రకారం 43,000 మంది జనాభాకు ఒక్క నర్సు. ఎందుకింత తక్కువ? జీతం తక్కువ, వసతి లేదు, నిజమే. కానీ అసలు కారణం మన ఊళ్లోనే ఉంది. పురుడు పోయటం, రక్తం తుడవటం, శవాన్ని ముట్టటం ఎవరి పని అన్నారు? మాదిగ, మంగలి, చాకలి స్త్రీల పని అన్నారు. ముట్టుకుంటే మైల అనుకున్న కులాలు తమ ఆడపిల్లల్ని నర్సింగ్‌కి పంపలేదు. ఆ ఖాళీని ఎక్కువగా నింపింది ఆంగ్లో ఇండియన్, క్రైస్తవ స్త్రీలు.

తెలుగు క్రైస్తవులు ఎవరు? 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో అత్యధికులు మాదిగలు. ఇలాంటి వాడల నుంచి వచ్చిన ఆడపిల్లలకు మిషన్ బడి, మిషన్ ఆసుపత్రి తలుపు తెరిచాయి. కులం నీచం అన్న పనిని వాళ్లు చదువుగా, జీతంగా, తెల్ల యూనిఫాంగా మార్చుకున్నారు. ఇది సేవ మాత్రమే కాదు, ధిక్కారం కూడా.

ఇక్కడ మనం నిజాయితీగా ఇంకో మాట చెప్పుకోవాలి. నర్సు కింద కూడా మనుషులున్నారు. వార్డు స్వీపర్లు, నీళ్లు మోసే భిస్తీలు. సైన్యం వాళ్లను 'ఫాలోయర్లు' అంది. బెడ్‌పాన్ ఎత్తింది వాళ్లు. ఆడది కాబట్టి నర్సును పక్కన పెట్టారు. కులం కాబట్టి స్వీపర్ని పేరే లేకుండా చేశారు.

1976లో జి.ఏ. రామ్ భారత సైన్యంలో తొలి మహిళా మేజర్ జనరల్ అయ్యారు. ఆమె నర్సింగ్ సర్వీస్ నుంచే వచ్చారు. అయినా నర్సింగ్ ఆఫీసర్ 'ఎక్స్ సర్వీస్‌మన్' కిందికి వస్తుందా రాదా అని 2025లో కూడా సుప్రీంకోర్టు తేల్చాల్సి వచ్చింది. పంజాబ్ ఉద్యోగాల కేసులో, వస్తుందని కోర్టు చెప్పింది. ప్రాణాలు కాపాడినప్పుడు రాని అనుమానం రిజర్వేషన్ ఇవ్వాల్సి వచ్చేసరికి వచ్చింది! ఇది మనకు కొత్త కాదు కదా.

విద్యార్థి మిత్రులకు ఒక పని. మీ వాడలో, మీ చర్చిలో రిటైరైన నర్సమ్మలు ఉంటారు. మిలిటరీలో చేసినవాళ్లు ఉంటే మరీ మంచిది. వెళ్లి కూర్చోండి. ఏ వార్డు, ఏ ఏడాది, ఎవరు కలిసి పనిచేశారు, స్వీపరమ్మ పేరేంటి అని అడిగి రాసుకోండి. పేరు పలకలు లేని వాళ్ల చరిత్రను మనమే రాయాలి.

జై భీమ్.