ఉప్పు నుంచి సిమెంటు దాకా: సీమలో పన్ను కడుతున్నదెవరు?

"మేం కట్టే పన్నులతో మీరు చదువుకుంటున్నారు." కర్నూలులోనో కడపలోనో ఎస్సీ హాస్టల్లో ఉండి చదువుకునే విద్యార్థి ఎప్పుడో ఒకప్పుడు వినే మాట ఇది. పన్ను కట్టేది ఉన్నవాళ్లు, తినేది లేనివాళ్లు అనే నమ్మకం ఈ మాట వెనక ఉంది. ఉన్నవాళ్ల మీద ఎక్కువ పన్ను వేయాలా అని ఎవరైనా అడిగితే వేయాలనే మేము అంటాం. అయితే ఆ వాదనలోకి దిగే ముందు ఇప్పటిదాకా ఎవరు ఎంత కట్టారో, ఇప్పుడు ఎవరు ఎంత కడుతున్నారో తెలియాలి. కరువు సీమ చరిత్రలోనే దానికి కావలసినంత సరుకు ఉంది.

ముందు ఒక చిన్న లెక్క. పన్నులు రెండు రకాలు. ఆదాయం మీద, ఆస్తి మీద నేరుగా వేసేవి ప్రత్యక్ష పన్నులు. కొనే వస్తువు ధరలో కలిసి వచ్చేవి పరోక్ష పన్నులు. జీఎస్టీ, పెట్రోలు మీద వ్యాట్, మద్యం మీద ఎక్సైజ్ ఈ రెండో రకం. కోసిగి ప్రాంతం నుంచి సుగ్గికి పోయి గుంటూరు మిరప చేలల్లో కోతలు కోసే కుటుంబానికి సగటున నెలకు 10,000 రూపాయలు వస్తాయనుకుందాం. అదంతా ఖర్చయిపోతుంది. కొన్న సరుకుల మీద సగటున 5 శాతం పన్ను పడినా 500 రూపాయలు కట్టినట్టే, అంటే ఆదాయంలో 5 శాతం. నెలకు 5 లక్షలు వచ్చే మనిషి లక్ష ఖర్చు పెట్టి మిగతాది దాచుకుంటాడనుకుందాం. ఖరీదైన వస్తువులు కొని 10 శాతం పన్ను కట్టినా అది 10,000 రూపాయలు, అతని ఆదాయంలో 2 శాతం. రూపాయల్లో అతనిది ఎక్కువ, భారంలో కూలివాళ్లది ఎక్కువ. ఆదాయం పెరిగే కొద్దీ భారం తగ్గే ఇలాంటి పన్నును ఆర్థికశాస్త్రంలో తిరోగామి పన్ను అంటారు. ఆదాయంతో పాటు రేటు కూడా పెరిగేది పురోగామి పన్ను. ఆ 5 లక్షల మనిషి ఆదాయపు పన్ను కూడా కడతాడు కదా అంటారు. నిజమే, దాని దగ్గరికి తర్వాత వస్తాం.

దత్తమండలాల లెక్క

1800 అక్టోబరులో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. కడప, బళ్లారి, అనంతపురం, కర్నూలులో చాలా భాగం అందులో ఉన్నాయి. కర్నూలు పట్నం మాత్రం 1839 దాకా నవాబు కిందే ఉంది. థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా ఇక్కడ ప్రధాన కలెక్టరుగా ఉండి భూములు సర్వే చేయించి రైత్వారీ శిస్తు కట్టించాడు. పండిన పంటలో దాదాపు 45 శాతం సర్కారు శిస్తుకే పోతోందని, దాన్ని మూడో వంతుకు తగ్గించాలని 1807లో ఆయనే రాశాడు. పైవాళ్లు అప్పుడు ఒప్పుకోలేదు. చాలా ఏళ్ల తర్వాత, రైత్వారీ తిరిగి వచ్చినప్పుడు గానీ ఆ తగ్గింపు అమలు కాలేదు. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయిన మన్రోను సీమ రైతులు దేవుడిలా తలుచుకున్నారు, పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నారు.

ఆ కృతజ్ఞత ఎవరిదో కూడా చూడాలి. శిస్తు తగ్గితే మేలు జరిగేది పట్టాదారుకు. మాల మాదిగల్లో ఎక్కువమంది పేర్ల మీద పట్టా లేదు. వాళ్లు చేసింది పట్టాదారు చేలో కూలి, జీతం, ఊరికి వెట్టి. వెట్టిని ఏ ఖజానా పుస్తకంలోనూ పన్నుగా రాయలేదు. మనిషి ఒంట్లోంచి రోజుల లెక్కన వసూలు చేసిన దాన్ని పన్ను అనకపోతే ఇంకేమనాలి? దానికి తోడు మొహతర్ఫా ఉండేది. మగ్గానికి, దుకాణానికి, చేతివృత్తికి వేసిన పన్ను అది. మరోపక్క పెద్ద ఇనాందార్ల భూములకు శిస్తు ఉండేది కాదు, ఉన్నా నామమాత్రం. ఊరిలో పైమెట్టు మీద ఉన్నవాడికి మినహాయింపు, కిందివాడికి వసూలు. కుల వ్యవస్థ, పన్ను వ్యవస్థ ఒకే గీత మీద నడిచిన కాలం అది.

కరువులో పెరిగిన ఉప్పు పన్ను

1876-78 ధాత కరువు కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలను ఊడ్చిపెట్టింది. 1871 జనగణనలో 9 లక్షలకు పైగా ఉన్న కర్నూలు జిల్లా జనాభా 1881 నాటికి 7 లక్షల లోపుకు పడిపోయింది. నలుగురిలో ఒకరు లేకుండా పోయారు. సహాయ పనుల్లో రాళ్లు కొట్టే మగమనిషికి రిచర్డ్ టెంపుల్ లెక్క ప్రకారం రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే అరకిలో కన్నా తక్కువ, పైన కొంచెం చిల్లర ఇచ్చారు. చరిత్ర పుస్తకాల్లో ఇక్కడిదాకా దొరుకుతుంది. తర్వాత జరిగిన సంగతి మన విద్యార్థులకు అంతగా తెలియదు.

కరువు ఖర్చు రాబట్టుకోవడానికి లిట్టన్ ప్రభుత్వం రెండు పనులు చేసింది. మొదటిది, మద్రాసు, బొంబాయి రాష్ట్రాల్లో ఉప్పు సుంకాన్ని 82 పౌన్ల మణుగుకు 1 రూపాయి 13 అణాల నుంచి 2 రూపాయల 8 అణాలకు పెంచింది. కరువు పడ్డ రాష్ట్రాల మీదే కరువు ఖర్చు వేశారన్నమాట. రెండోది, 1878లో వ్యాపారుల మీద లైసెన్సు పన్ను తెచ్చింది. మొదట్లో చిల్లర వ్యాపారులు కూడా అందులో చిక్కుకున్నారు. పెద్ద జీతాల ప్రభుత్వోద్యోగులు, వకీళ్ల వంటి వృత్తులవాళ్లు మాత్రం బయట ఉన్నారు. ఈ మినహాయింపు మీద ఆ రోజుల్లోనే గొడవ జరిగింది. వసూలైన డబ్బుతో కరువు నిధి పెడతామన్నారు, కానీ అఫ్ఘన్ యుద్ధం వచ్చేసరికి ఆ మాట పక్కకు పోయింది.

ఉప్పు మీద పన్ను ఎందుకంత అన్యాయమో చెప్పడానికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు. కలెక్టరు ఎంత ఉప్పు తింటాడో కూలి మనిషీ అంతే తింటాడు. ఎండలో చెమటోడ్చేవాడికి ఇంకాస్త ఎక్కువే కావాలి. సంగటిలోకి ఉప్పు, మిరపకాయ తప్ప మరేమీ లేని ఇంట్లో ఆ పన్ను నుంచి తప్పించుకునే దారి లేదు. ఈ పన్ను 1947 బడ్జెట్‌తో గానీ పోలేదు. అదే బడ్జెట్‌లో వ్యాపార లాభాల మీద కొత్త పన్ను వేస్తే పెట్టుబడిదారులు గగ్గోలు పెట్టారు.

అదే కాలంలో పన్ను డబ్బు ఎటు పోయిందో తెలియాలంటే కె.సి. కెనాల్ చూడాలి. సుంకేసుల ఆనకట్ట నుంచి కడప దాకా ఆ కాలువ తవ్వింది మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ. లండన్ వాటాదారులు పెట్టిన 10 లక్షల పౌన్ల పెట్టుబడి మీద ఏటా 5 శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. కాలువకు ఆదాయం రాలేదు. హామీ వడ్డీ మాత్రం శిస్తు, ఉప్పు సుంకం వచ్చి పడే ఖజానా నుంచే వెళ్లింది. చివరికి 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనుక్కుంది. నష్టం జనానికి, లాభం వాటాదారుకు అనే ఏర్పాటు మొన్నీమధ్య పుట్టింది కాదు.

అంబేద్కర్ ఎత్తి చూపింది

బాబాసాహెబ్ కొలంబియా పరిశోధనే ప్రభుత్వ ఆర్థిక వ్యవహారాల మీద. 1925లో అచ్చయిన ఆయన పుస్తకం బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల ఆదాయ వ్యయాల చరిత్ర. 1927లో బొంబాయి శాసనమండలిలో తొలి బడ్జెట్ ప్రసంగంలోనే ఆయన ఈ ప్రశ్న లేవనెత్తాడు. ఆదాయపు పన్నుకు ఒక కనీస పరిమితి ఉంది, అంతకు తక్కువ వచ్చేవాడు కట్టనక్కర్లేదు. భూమిశిస్తుకు అలాంటి పరిమితి లేదు. పంట పండినా ఎండినా, ఎకరం ఉన్నవాడూ జాగీరు ఉన్నవాడూ ఒకే రేటున కట్టాలి. ఇది న్యాయమా అన్నది ఆయన వాదన సారం. కట్టగల శక్తిని బట్టి పన్ను అనే సూత్రాన్ని ఆయన దానంగా చూడలేదు, పాలన న్యాయంగా ఉందా లేదా అని తేల్చే కొలతగా చూశాడు.

స్వాతంత్ర్యం తర్వాత కొంతకాలం ఆ దిశలో నడిచాం. 1953లో ఎస్టేట్ డ్యూటీ, 1957లో సంపద పన్ను వచ్చాయి. 1973-74లో ఆదాయపు పన్ను పైరేటు సర్‌చార్జితో కలిపి 97.75 శాతానికి పోయింది. ఆ రేటును మేము సమర్థించడం లేదు. అది నల్లడబ్బు పెంచిందే తప్ప ఖజానా నింపలేదు. కానీ ఆ అతిని చూపించి మొత్తం సూత్రాన్నే వదిలేశారు. ఎస్టేట్ డ్యూటీ 1985లో పోయింది. సంపద పన్ను 2015 బడ్జెట్‌లో పోయింది. దానివల్ల 2013-14లో వచ్చింది 1,008 కోట్లేనని అప్పటి ఆర్థికమంత్రి చెప్పి, బదులుగా కోటి దాటిన ఆదాయాల మీద అదనంగా 2 శాతం సర్‌చార్జి వేశారు. సర్‌చార్జితో ఎక్కువ డబ్బు వస్తుందన్నది నిజమే. అయితే సంపద పన్నులో రాష్ట్రాలకు వాటా ఉండేది, సర్‌చార్జిలో లేదు. సెస్సులు, సర్‌చార్జీలు రాష్ట్రాలతో పంచుకోనక్కర్లేదు. ధనికుల మీద వేసిన ఆ అదనపు పన్ను వాటాగా సీమ దాకా రాదు.

సున్నపురాయి మనది, పన్నూ మనమీదే

ఎర్రగుంట్ల, చిలంకూరు చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, బేతంచెర్ల నాపరాయి, మంగంపేట ముగ్గురాయి. ఈ రెండు పాత జిల్లాల భూమి అడుగున ఉన్న సంపద చిన్నది కాదు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు సిమెంటును విలాస వస్తువుల సరసన 28 శాతం శ్లాబులో పెట్టారు. 2025 సెప్టెంబరు 22న 18 శాతానికి తగ్గించేదాకా అదే రేటు. ఎనిమిదేళ్లు, ఎస్సీ కాలనీలో ఒక గది పక్కా ఇల్లు కట్టుకున్న ప్రతి కుటుంబం బస్తా బస్తాకూ ఆ పన్ను కట్టింది. ఇదే కాలంలో, 2019 సెప్టెంబరు 20న, కార్పొరేట్ పన్ను మూల రేటును 30 నుంచి 22 శాతానికి, కొత్త తయారీ కంపెనీలకు 15 శాతానికి తగ్గించారు. దీనివల్ల ఏడాదికి 1.45 లక్షల కోట్లు వదులుకుంటున్నామని ప్రభుత్వమే ప్రకటించింది. ఈ రెండు రేట్లను పక్కపక్కన పెట్టి చూడమని విద్యార్థులకు మా సూచన.

చెప్పుల సంగతి కూడా ఉంది. వెయ్యి రూపాయల లోపు చెప్పుల మీద 5 శాతంగా ఉన్న జీఎస్టీని 2022 జనవరి 1 నుంచి 12 శాతం చేశారు. మళ్లీ 5కు తెచ్చింది 2025 సెప్టెంబరులోనే. ప్యాకెట్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పు 2022 జూలై నుంచి 5 శాతంలోకి వచ్చాయి. ఇక మద్యం సంగతి సీమ కూలి ఆడవాళ్లను అడిగితే చాలు. మగవాడి కూలి డబ్బు ఖజానాకు చేరే అడ్డదారి అదే.

ధనికుల తరఫు వాదనలు

ఆదాయపు పన్ను రిటర్నులు వేసేవాళ్లు జనాభాలో పది శాతం కూడా లేరు, వాళ్లే దేశాన్ని మోస్తున్నారనేది మొదటి వాదన. రిటర్ను వేసేంత ఆదాయం తొంభై శాతం మందికి లేదన్నది దీనికి జవాబు. పైగా అందరిలోకీ ధనికులైనవాళ్ల సంపాదనలో జీతం చిన్న భాగమే. జీతం మీద పైరేటు 30 శాతం ఉంటే, షేర్లు ఏడాది దాటి ఉంచుకుని అమ్మితే వచ్చే లాభం మీద 2024 జూలై నుంచి 12.5 శాతమే. వ్యవసాయ ఆదాయం మీద ఏమీ లేదు. 1886లో ఇచ్చిన ఆ మినహాయింపు అప్పటి భారీ శిస్తుకు బదులు. శిస్తు నామమాత్రమైపోయినా మినహాయింపు మిగిలింది. రాజ్యాంగం ప్రకారం వ్యవసాయ ఆదాయం మీద పన్ను వేసే అధికారం రాష్ట్రానిది. పెద్ద కమతాల మీద హెచ్చుతగ్గు రేట్లతో పన్ను వేయాలని కె.ఎన్. రాజ్ కమిటీ 1972లోనే చెప్పింది. రాష్ట్రాలు దాన్ని పక్కన పెట్టేశాయి. శాసనసభల్లో ఎవరు కూర్చుంటారో తెలిసినవాళ్లకు ఇది ఆశ్చర్యం కాదు. రెండెకరాల వేరుశనగ రైతును చూపించి వందల ఎకరాల తోటల యజమానిని కాపాడడమే ఇందులో జరుగుతున్నది.

ఎక్కువ పన్ను వేస్తే పెట్టుబడి వెళ్లిపోతుందనే భయం పూర్తిగా అబద్ధం కాదు. డబ్బు కదులుతుంది. కానీ సున్నపురాయి కదలదు. ఖనిజాల రాయల్టీ పన్ను కాదని, ఖనిజాలున్న భూముల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందని 2024 జూలై 25న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 8-1తో తీర్పిచ్చింది. మన రాష్ట్రం అడగాలే గానీ, దారి ఉంది.

చివరిగా, వసూలు సగమే కథ. 2013లో వచ్చిన ఎస్సీ ఉప ప్రణాళిక చట్టం ప్రకారం జనాభా దామాషాలో నిధులు కేటాయించాలి. పదేళ్ల గడువు ముగుస్తుండగా 2023 జనవరిలో దాన్ని మరో పదేళ్లు పొడిగించారు. అందరికీ వర్తించే పింఛన్లు, నగదు పథకాల్లో ఎస్సీల వాటాను ఉప ప్రణాళిక ఖర్చుగా చూపిస్తున్నారనేది దళిత సంఘాల పాత ఫిర్యాదు. జిల్లావారీగా ఏ పద్దు కింద ఎంత ఖర్చయిందో సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. దరఖాస్తు రుసుము 10 రూపాయలు, తెల్లకార్డు ఉన్నవాళ్లకు అదీ లేదు.