రక్షణ ఆత్మకా, శరీరానికా?

క్రైస్తవ దైవశాస్త్రమనగానే మనలో చాలామంది మత్తుమందు మాట ఒక్కటి వల్లించి పుస్తకం మూసేస్తాం. నేనూ చాలాకాలం అలా మూసినవాణ్ణే. తెరిపించినది ఒక రైతుల అర్జీ.

1525 మార్చిలో దక్షిణ జర్మనీలోని మెమ్మింగెన్ పట్టణంలో రైతులు పన్నెండు కోర్కెలు రాసుకున్నారు. అడవిలో కట్టెలు, ఏటిలో చేపలు, శిస్తు తగ్గింపు, తమ బోధకుణ్ణి తామే ఎన్నుకునే హక్కు అందులో ఉన్నాయి. అన్నిటిలోకీ పదునైనది మూడవది. క్రీస్తు తన రక్తంతో గొర్రెల కాపరినీ ప్రభువునూ ఒక్కలాగే విడిపించాడు గనుక తామెవరికీ దాసులం కామన్నారు.

క్రైస్తవుని స్వాతంత్ర్యాన్ని గురించి 1520లో గ్రంథం రాసిన మార్టిన్ లూథర్ దీనికేమన్నాడు? ప్రభువుల దౌర్జన్యాన్ని మందలించాడు, నిజమే. కాని మూడవ కోర్కె దగ్గరికి వచ్చేసరికి, ఆత్మకు చెందిన స్వేచ్ఛను శరీరానికి అంటగడుతున్నారని కోప్పడ్డాడు. అబ్రహాముకు దాసులు లేరా అని అడిగాడు. మే నెలలో, తిరగబడిన రైతులను పిచ్చికుక్కల్లా చంపమని రాశాడు. ఆ నెల 15న ఫ్రాంకెన్‌హౌసెన్ వద్ద వేలమంది రైతులు హతులయ్యారు. వారి పక్షాన నిలిచిన బోధకుడు థామస్ ముంట్సర్‌ను 27న శిరచ్ఛేదం చేశారు.

ఎంగెల్స్ 1850లో ముంట్సర్‌ను విప్లవకారుడుగా నిలబెట్టాడు. దైవశాస్త్రం ఆ విప్లవానికి ఆనాటి వేషం అన్నది ఆయన ధోరణి. నాకిది సగమే ఒప్పుదల. మూడవ కోర్కెలో వేషమేది, ఒళ్లేది?

ఈ తగాదా మన నేలమీదా నడిచింది. 1866లో క్లౌ దొర ఒంగోలు వచ్చింది ఆత్మల కోసం. బాప్తిస్మం పొందిన మాదిగలు మాత్రం చచ్చిన గొడ్డును తినడం మానారు, ఆదివారం పనికి పోమన్నారు, జాతరలో డప్పు కొట్టమన్నారు. ఊరిపెద్దలకు పరలోకంతో పేచీ లేదు. పేచీ అంతా డప్పుతోనే.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు, క్రైస్తవులకు లేదు. మూడవ కోర్కె ఎప్పుడో నెరవేరిందని చట్టం నమ్ముతున్నట్టుంది! అదే చర్చిలో పక్కపక్కన కూర్చునే మాల, మాదిగ కుటుంబాల మధ్య పెళ్లి మాట ఎత్తి చూడండి. 1980లలో అరవింద్ నిర్మల్ వంటివారు దళిత దైవశాస్త్రమంటూ మళ్లీ అడిగినది ఈ శరీరం సంగతే. ఈసారి చర్చినే అడిగారు.