పుగా లోయలో వేడి ఎంత?

లడఖ్‌లో సుమారు 4,400 మీటర్ల ఎత్తున ఉన్న పుగా లోయలో వెలిగారం, గంధకం నేల మీద పొరలుగా పేరుకుని ఉంటాయి. పక్కనే వేడినీటి బుగ్గలు కుతకుతలాడుతుంటాయి. వాటి వేడి 84 డిగ్రీలకు అటూ ఇటూ. తక్కువే అనిపిస్తుంది గానీ, గాలి పలచబడ్డ ఆ ఎత్తున నీళ్లు మరిగేదే ఆ వేడి దగ్గర. అంతకు మించిన వేడి అడుగున ఎంతున్నా పైనున్న బుగ్గ చూపించలేదు. అందుకే కొలవాల్సింది బుగ్గను కాదు, బోరును. కేంద్రం 1966లో వేడినీటి బుగ్గలపై కమిటీ వేసింది. 1970లలో భూగర్భ సర్వేక్షణ సంస్థ పుగాలో ముప్పైకి పైగా బోర్లు వేసింది. వాటిలో అన్నిటికన్నా లోతైనది కూడా 400 మీటర్లు దాటలేదు.

దేశం మొత్తానికి 10,000 మెగావాట్ల భూతాప విద్యుత్ సామర్థ్యం ఉందన్న అంకె మాటేమిటంటారా? అది నేలలోని వేడికి వేసిన అంచనా, తీగల్లో పారే కరెంటు కాదు. కరెంటు రావాలంటే ముందు బోరు పడాలి. ఇటలీలోని లార్డెరెల్లోలో 1904లో నేలలోని ఆవిరితో ఐదు బల్బులు వెలిగాయంటే, అంతకు ముందే బోరిక్ ఆమ్లం వ్యాపారులు అక్కడ ఆవిరి కోసం బోర్లు వేసి ఉన్నారు. 1913లో 250 కిలోవాట్ల ప్లాంటు వచ్చింది. లోతుగా తవ్వడం ఖరీదైన జూదమన్న అభ్యంతరంలో నిజముంది. అయితే తవ్వకుండా చెప్పే అంకె అంతకన్నా పెద్ద జూదం. పుగాలో 1 మెగావాట్ ప్లాంటుకు ఓఎన్‌జీసీతో ఒప్పందం కుదిరింది 2021లో, తొలి బోర్లు పడిన దాదాపు అర్ధ శతాబ్దానికి.