ఓడినవారి పాటే ముందు

కాలేజీ ఆటలో ఓడివచ్చిన కుర్రాడు అన్నం ముందు మూతి ముడుచుకు కూర్చోవడం నిజామాబాదులోనైనా, బోధన్ శక్కర్‌నగర్‌లోనైనా తల్లులందరికీ తెలిసిందే. ఈసారి వాడికి సైనికుల ఆట గురించి చెప్పి చూడండి.

మనదేశంలో డ్యూరాండ్ కప్పు ఫుట్‌బాల్ 1888లో సిమ్లాలో సైనికుల కోసమే మొదలైంది. మొదటి ప్రపంచయుద్ధం రాగానే ఆగిపోయింది. ఆడేవాళ్ళు రణరంగానికి పోతే ఇక ఆటెక్కడిది? రెండో యుద్ధంలోనూ అంతే. 1950లో మళ్ళీ జరిగితే, మోహన్ బగాన్‌ను ఓడించి కప్పు తెచ్చింది మన హైదరాబాదు పోలీసు జట్టు. శిక్షణ ఇచ్చిన రహీంగారు బడిపంతులు!

అమెరికాలోనూ సైనిక, నౌకాదళ కాలేజీల మధ్య ఇలాంటి పోటీ 1890లో మొదలైంది. వాళ్ళ ఫుట్‌బాల్ వేరు, బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు. ఆడినంతసేపూ హోరాహోరీయే. ఆట ముగిశాక మాత్రం రెండు జట్లూ కలిసి, ఓడిన కాలేజీ పిల్లల ఎదుట నిలబడి, ముందు వాళ్ళ పాటే వింటారు. గెలిచినవారి పాట ఆ తర్వాతే. రేపు యుద్ధమొస్తే వీళ్ళంతా ఒకే జెండా కింద నిలవాలి కదా!

మనవాడు గెలిచి వచ్చిన రోజున కూడా ఒక్క మాట అడగండమ్మా: "ఓడినవాళ్ళను పలకరించి వచ్చావా?"